అమగిరి డిస్ట్రాయర్: 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద బాంబులు వేసింది ఇదేనా?

గార_తీరం:

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో ఒక చిన్న ప్రదర్శనకి రెండో ప్రపంచ యుద్ధం, మన తీరం అనే గోడపత్రిక తయారవుతోంది. వాట్సాప్‌లో ఒక ముక్క తెగ తిరుగుతోంది: "కెనడీ టార్పెడో పడవని గుద్ది ముంచిన జపాన్ డిస్ట్రాయర్ అమగిరే, అంతకు ముందేడు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసింది" అని. ఆ కెనడీ తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీయే. బొమ్మతో సహా పెట్టేద్దామని కొందరు తొందరపడుతున్నారు. అచ్చు వేసేముందు తెలిసినవాళ్లని అడగడం మంచిదని ఇక్కడ పెడుతున్నాను.

ఇందులో నిజమెంత? ఆ ఓడ యుద్ధమంతా ఎక్కడెక్కడ తిరిగింది, ఎలా పోయింది? తేదీలు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి, ఏది పట్టుకోవాలి? ఇంకొకటి, బల్లమీద పెట్టడానికి 1/700 మోడల్ చేసే ఆలోచన ఉంది. అదే తరగతిలో మొదటి ఓడ ఫుబుకి కిట్ దొరుకుతోంది, దాన్నే అమగిరి అని పెట్టేస్తే సరిపోతుందా?

బొబ్బిలి_పాతపటాలు:

బాబూ, ఆ ముక్కలో సగం నిజం, సగం అతుకు. అమగిరి బంగాళాఖాతంలోకి వచ్చిన మాట నిజం. ఓడల్ని ముంచిన మాటా నిజం. విశాఖ మీద బాంబులు వేసింది మాత్రం అది కాదు. ఆ పని ర్యూజొ అనే చిన్న విమాన వాహక నౌక మీద నుంచి లేచిన విమానాలది. డిస్ట్రాయర్‌కి విమానాలుండవు. ఉన్నవి ఫిరంగులు, టార్పెడోలు, జలాంతర్గాముల మీద వేసే డెప్త్ చార్జీలు. ఆ దాడిలో డిస్ట్రాయర్లు మన ఊళ్ల మీద ఫిరంగులు పేల్చలేదు కూడా.

జరిగింది ఇది. అండమాన్ మార్చి 23న జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 1న వైస్ అడ్మిరల్ ఒజావా దళం బర్మా దక్షిణాన మెర్గుయి నుంచి బయల్దేరి, అండమాన్ నికోబార్‌ల మధ్యనున్న టెన్ డిగ్రీ చానల్ గుండా బంగాళాఖాతంలోకి దిగింది. జపాన్ అడ్మిరల్ నగుమో విమాన వాహక నౌకల పెద్ద దళం ఏప్రిల్ 5న, ఈస్టర్ ఆదివారం నాడు, కొలంబో మీద పడింది. ఒజావా పని అది కాదు. తూర్పు తీరం వెంట పోయే సరుకు ఓడల్ని ఏరిపారెయ్యడం. 5వ తేదీ సాయంత్రానికి తన దళాన్ని మూడు ముక్కలు చేశాడు. మీ గోడపత్రికలో ఈ మూడు ముక్కల్నీ విడివిడిగా చూపించకపోతే మిగతాదంతా కలగాపులగం అయిపోతుంది.

ఉత్తర దళంలో కురిత నాయకత్వాన కుమనొ, సుజుయ క్రూజర్లు, వాటితో షిరకుమొ డిస్ట్రాయర్. ఇవి ఒడిశా తీరం ఎదుట పనిచేశాయి. సిల్క్స్‌వర్త్, ఆటోలికస్, మాల్దా, షిన్‌కువాంగ్, అమెరికా ఓడ ఎక్స్‌మూర్ పోయింది వీటి చేతుల్లోనే.

మధ్య దళంలో ఒజావా స్వయంగా ఉన్న చోకాయ్ క్రూజర్, యుర అనే తేలిక క్రూజర్, ర్యూజొ, వాటితో అసగిరి, యూగిరి డిస్ట్రాయర్లు. విశాఖ, కాకినాడల మీదకి ఏప్రిల్ 6న వచ్చిన విమానాలు ఇక్కడివి. యుర, యూగిరి కలిసి డచ్చి ఓడలు బటావియా, బన్యువాంగి, బ్రిటిష్ టాక్‌సాంగ్‌లని ముంచాయి. చోకాయ్ ఖాతాలో బియెన్‌విల్, గంజెస్ ఉన్నాయి.

దక్షిణ దళం మికుమ, మొగమి క్రూజర్లు, అమగిరి. మీకు కావలసిన ఓడ ఇక్కడుంది. ఏప్రిల్ 6న ఈ మూడూ కలిసి ముంచినవి గందర 5,281 టన్నులు, దర్దానస్ 7,726, ఇందొర 6,622. దర్దానస్ అప్పటికే విమానాల బాంబులు తిని ఇంజను పోగొట్టుకుంది. గందర దాన్ని తాడు కట్టి లాగుతోంది. అలా నెమ్మదిగా పోతున్న జంట మీదకి రెండు భారీ క్రూజర్లు వస్తే తప్పించుకునే దారే లేదు. ఇది కాకినాడకి దక్షిణంగా, దాదాపు 16 డిగ్రీల అక్షాంశం దగ్గర జరిగింది. కళింగపట్నం 18 డిగ్రీల 20 నిమిషాలు. ఒక అక్షాంశ డిగ్రీ 60 నాటికల్ మైళ్లు, అంటే 111 కిలోమీటర్లు. లెక్కేసుకోండి: శ్రీకాకుళం తీరానికి 250 కిలోమీటర్ల పైమాటే. షిరకుమొ ఒడిశా వైపు, అమగిరి కాకినాడకి దిగువన. మన తీరం ఈ రెండిటి నడుమన ఉంది.

అన్ని ఓడలు ఒక్కరోజులో ఎలా దొరికాయని అడుగుతారు జనం. కలకత్తా రేవులో చిక్కుకుంటే విమానాల పాలవుతాయని వాటిని ఖాళీ చేసి సముద్రంలోకి పంపేశారు. తోడు యుద్ధనౌక లేదు, పైన విమానం లేదు. బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ నౌకాదళం అప్పుడు మాల్దీవుల దిక్కున ఉంది. తీరం పట్టుకుని దక్షిణానికి వస్తున్నవాటికి ఎదురుగా మూడు వలలు పరిచినట్టయింది.

టన్నుల దగ్గర ఒక జాగ్రత్త. సరుకు ఓడలకి రాసే టన్ను బరువు కాదు, లోపలి చోటు కొలత. 100 ఘనపు అడుగులకి ఒక టన్ను. డిస్ట్రాయర్‌కి రాసే టన్ను అది తోసే నీటి బరువు. 1,750 టన్నుల అమగిరి 7,726 టన్నుల ఓడని ముంచిందని పక్కపక్కన రాస్తే రెండు వేర్వేరు కొలతల్ని కలిపేసినట్టే.

ఇజీనారం_నౌకాదళం:

మాస్టారు ఏప్రిల్ 6 తేల్చేశారు కాబట్టి మిగతా సర్వీసు నేను రాస్తాను.

అమగిరిని టోక్యోలో ఇషికవాజిమ యార్డులో కట్టారు. 1928 నవంబరులో పని మొదలు, 1930 ఫిబ్రవరిలో నీళ్లలోకి, అదే ఏడు నవంబరు 10న నౌకాదళంలోకి. ఫుబుకి తరగతి. పొడవు 118.5 మీటర్లు, వెడల్పు 10.4. నాలుగు బాయిలర్లు, 50,000 హార్స్‌పవర్, కాగితం మీద 38 నాట్లు, అంటే గంటకి 38 నాటికల్ మైళ్లు. 127 మిల్లీమీటర్ల ఫిరంగులు ఆరు, జంటకి ఒక టరెట్ (తిరిగే ఫిరంగి గూడు) చొప్పున మూడు టరెట్లు. 610 మిల్లీమీటర్ల టార్పెడో గొట్టాలు తొమ్మిది, మూడేసి చొప్పున.

ఆ 38 నాట్లని యుద్ధకాలానికి పెట్టకండి. ఈ తరగతిలో చిన్న ఓడ ఒంటి మీద పెద్ద ఆయుధాలు పెట్టేశారు. పైబరువు ఎక్కువ, ఒళ్లు పల్చన. 1935 సెప్టెంబరులో తుఫానులో విన్యాసాలు చేస్తుంటే ఇదే తరగతి హత్సుయుకి, యూగిరిల ముక్కులు వంతెన ముందు దాకా విరిగిపోయాయి. ఆ దెబ్బతో మొత్తం తరగతిని వెనక్కి తెచ్చి పలకలు దిట్టం చేశారు, అడుగున బరువు పెట్టారు, అదనపు టార్పెడోలు తగ్గించారు. బరువు 2,000 టన్నులు దాటింది, వేగం 34 నాట్ల దగ్గరకి పడిపోయింది. 1942లో మన వైపు వచ్చింది ఈ బరువెక్కిన ఓడ.

1941 డిసెంబరులో 20వ డిస్ట్రాయర్ డివిజన్‌లో ఉంది: అమగిరి, అసగిరి, యూగిరి, సగిరి. సగిరి ఆ డిసెంబరులోనే మునిగింది, షిరకుమొ 1942 మార్చిలో ఈ డివిజన్‌లోకి వచ్చింది. హైనాన్ ద్వీపంలోని సమా నుంచి బయల్దేరి మలయా దింపుళ్లకి కాపలా. 1942 జనవరి 27 తెల్లవారుజామున మలయా తూర్పు తీరంలో ఎండౌ దగ్గర జరిగిన పోరులో పాల్గొంది. బ్రిటిష్ డిస్ట్రాయర్ థానెట్ మునిగింది, ఆస్ట్రేలియా వాళ్ల వాంపైర్ తప్పించుకుంది. ఆ తర్వాత సుమత్రా, అండమాన్, తర్వాత మాస్టారు చెప్పిన ఏప్రిల్ 6.

1942 జూన్‌లో పసిఫిక్‌లో జరిగిన మిడ్వే పోరు గురించి రెండు ముక్కలే. అడ్మిరల్ తకాసు కాపు దళంలో బయల్దేరింది, ఏమీ చూడకుండా తిరిగొచ్చింది. కాకినాడ కింద దీనికి తోడున్న మికుమ, మొగమి అక్కడ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. మికుమ జూన్ 6న మునిగింది. జులైలో హిందూ మహాసముద్రం మీదకి మళ్లీ రావాలని మెర్గుయి దాకా వచ్చారు. ఆగస్టులో అమెరికన్లు పసిఫిక్‌లోని సోలమన్ దీవుల్లో గ్వాడల్‌కనాల్‌లో దిగారు. ఆ యాత్ర రద్దయింది, అమగిరి సోలమన్స్‌కి పోయింది.

అసలు కథ అక్కడిది. 1942 ఆగస్టు 28న ఈ డివిజన్ నాలుగూ జపాన్ సేనాని కవగుచి సేనలో ఒక భాగాన్ని ఎక్కించుకుని గ్వాడల్‌కనాల్ వైపు వెళ్తున్నాయి. చేసిన పొరపాటు ఒక్కటే, ఇంకా వెలుగుండగానే అక్కడి అమెరికన్ విమాన స్థావరం హెండర్సన్ ఫీల్డ్ విమానాల అందుబాటులోకి వచ్చేశాయి. డైవ్ బాంబర్లు వచ్చి పడ్డాయి. అసగిరి టార్పెడో గొట్టాల దగ్గర బాంబు పడి అక్కడికక్కడే పోయింది. యూగిరికి, షిరకుమొకి గట్టి దెబ్బలు. నాలుగింట్లో దెబ్బ తగలనిది అమగిరి. షిరకుమొని తాడు కట్టి షార్ట్‌లాండ్ వైపు లాక్కొచ్చింది ఇదే.

ఆ తర్వాత రాత్రి ప్రయాణాల లెక్క గట్టిపడింది. సూర్యుడు దిగేవేళకి విమానాల అందుబాటు అంచుకి చేరాలి, రాత్రి పూర్తి వేగంలో లోపలికి పోయి దింపెయ్యాలి, తెల్లారేసరికి మళ్లీ ఆ అంచు దాటెయ్యాలి. ఒక్కో డిస్ట్రాయర్ మీద 150 మంది సైనికులు, 30 నుంచి 40 టన్నుల సామాను, అంతే. పెద్ద ఫిరంగులు, ట్యాంకులు ఎక్కవు. మనుషులు దిగుతున్నారు, వాళ్ల తిండీ మందుగుండూ దిగడం లేదు. గ్వాడల్‌కనాల్ జపాన్‌కి ఎందుకు నిలవలేదో ఇక్కడే అర్థమవుతుంది.

1943 జులై 5-6 రాత్రి సోలమన్స్‌లోనే కులా గల్ఫ్ పోరు. జపాన్ డిస్ట్రాయర్లలో నియిజుకి మునిగింది, నగత్సుకి నేల పట్టింది. నియిజుకి వాళ్లని నీళ్లలోంచి తీస్తుండగా నికొలస్, రాడ్‌ఫర్డ్ అనే అమెరికన్ డిస్ట్రాయర్లు వచ్చి మీద పడ్డాయి. అమగిరి గుళ్ల దెబ్బలు తిని ఆ పని వదిలేసి తప్పుకుంది.

ఆగస్టు 2 కెనడీ ముచ్చట. అమగిరి ఆ రాత్రి సరుకు మొయ్యలేదు, కాపలాకి వచ్చింది. హగికజె, అరషి, షిగురె సైనికుల్ని కొలొంబంగరలో దింపి వెనక్కి తిరిగాయి. రెండొవా నుంచి 15 పీటీ పడవలు (అమెరికన్ టార్పెడో పడవలు) వాటి కోసం కాపు కాశాయి. ఒక్కదాని టార్పెడో కూడా తగల్లేదు. కెనడీ పడవ పీటీ-109 బ్లాకెట్ జలసంధిలో ఒక్క ఇంజనే నడుపుతూ నిదానంగా ఉంది, నురగ మెరిస్తే విమానాలకి దొరుకుతామని. అందుకే అమగిరి ముక్కు చీకట్లో కనబడ్డాక వేగం అందుకోలేకపోయింది. కుడి పక్క గుద్దు పడి పడవ చీలిపోయింది. 13 మందిలో ఇద్దరు పోయారు. అమగిరికి ప్రొపెల్లర్ రెక్క దెబ్బతిని ఓడ వణకడంతో వేగం తగ్గించుకుని జపాన్ స్థావరం రబౌల్ చేరింది.

నవంబరు 25, సెయింట్ జార్జ్ అగ్రం. బుకాలో సైనికుల్ని దింపి, అక్కడి విమాన సిబ్బందిని ఎక్కించుకుని అమగిరి, యూగిరి, ఉజుకి తిరిగి వస్తున్నాయి. కాపలాకి వచ్చిన ఒనమి, మకినమిలని అమెరికన్ కెప్టెన్ బర్క్ దళం రాడార్‌తో పట్టి టార్పెడోలతో కొట్టింది, రెండూ మునిగాయి. ఈ మూడూ తలో దిక్కూ చీలాయి. బర్క్ తన బలగాన్ని చీల్చకుండా ఒక్క యూగిరి వెంటే పడ్డాడు. అది పోయింది, అమగిరి, ఉజుకి బతికాయి. అమెరికన్లకి ఒక్క ఓడా పోలేదు.

1944 మార్చి 16న షిరకుమొని అమెరికన్ జలాంతర్గామి టౌటాగ్ హొక్కైడొ తూర్పున ముంచింది, ఒక్కరూ మిగల్లేదు. ఆ పాత డివిజన్‌లో ఆఖరికి మిగిలింది అమగిరి. 1944 ఏప్రిల్ 23న మకస్సార్ జలసంధిలో, చమురు రేవు బాలిక్‌పాపన్‌కి దక్షిణంగా 55 నాటికల్ మైళ్ల దగ్గర, మందుపాతర తగిలి మునిగింది. మునగడానికి రెండు గంటలకి పైగా పట్టింది కాబట్టి చాలామంది బతికారు. జూన్ 10న నౌకాదళ జాబితాలోంచి తీసేశారు. శిథిలం 2003లో దొరికింది, 28 మీటర్ల లోతున కుడి పక్కకి ఒరిగి ఉంది.

గార_తీరం:

మాస్టారూ, అన్నయ్యా, చాలా చాలా థాంక్స్. ఆ వాట్సాప్ ముక్క తీసేశాం. ఇంకో రెండు అడుగుతాను, విసుక్కోకండి. పీటీ-109ని కావాలనే గుద్దారని ఒకచోట, అనుకోకుండా తగిలిందని ఇంకోచోట ఉంది. మరేటి రాయాలి? తేదీల గొడవ కూడా అలాగే ఉండిపోయింది: పీటీ-109కి ఆగస్టు 1, 2 రెండూ ఉన్నాయి, సెయింట్ జార్జ్‌కి నవంబరు 24, 25.

రాజాం_రికార్డులు:

తేదీల సంగతి ముందు. జపాన్ నౌకాదళం ఎక్కడున్నా రాతల్లో టోక్యో సమయమే వాడేది. గ్రీనిచ్ కంటే 9 గంటలు ముందు. సోలమన్స్‌లో అమెరికన్లు రాసింది 11 గంటలు ముందు. తేడా రెండు గంటలు. సెయింట్ జార్జ్‌లో రాడార్ మీద మొదట కనబడింది స్థానిక సమయం 1:40 ప్రాంతంలో. టోక్యో లెక్కకి అది ముందు రోజు రాత్రి 11:40. అందుకని ఒకరికి 25, ఒకరికి 24. రెండూ ఒప్పే. మీరు ఏదో ఒక సమయం పట్టుకుని, పట్టిక పైన ఆ మాట రాసేయండి.

పీటీ-109 కారణం వేరు. గుద్దు పడింది స్థానిక సమయం రెండున్నర ప్రాంతంలో, రెండు గంటలు తీసినా ఆగస్టు 2 దాటి వెనక్కి పోదు. పడవలు బయల్దేరింది 1వ తేదీ సాయంత్రం. కొందరు ఆ రాత్రిని బయల్దేరిన తేదీతో పిలుస్తారు. గుద్దుకి మాత్రం 2 అనే రాయండి.

మన వైపు తేడా మూడున్నర గంటలు. జపాన్ రాతలో ఉదయం 10 అంటే ఇక్కడ ఆరున్నర. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: యుద్ధకాలంలో మన గడియారాల్ని గంట ముందుకి జరిపారు గదా అని ఆ గంట కూడా కలిపేస్తారు. అది 1942 సెప్టెంబరు 1 నుంచి. ఏప్రిల్‌కి వర్తించదు. బతికి బయటపడ్డ నావికుల మాటల్లో వచ్చే సమయాలు ఓడ గడియారానివో, కలకత్తా సమయానివో అయి ఉండొచ్చు, వాటిని నిమిషాల దాకా పోల్చి చూడకండి.

ఇక్కడి కాగితాలు వెతికేటప్పుడు శ్రీకాకుళం జిల్లా అని వెతికితే ఏమీ రాదు. ఆ జిల్లా పుట్టింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. 1942లో మనమంతా విశాఖపట్నం జిల్లాయే. ఊళ్ల పేర్లు కూడా దొరల పలుకుబడిలో ఉంటాయి: చికాకోల్, కళింగపటం, బిమ్లిపటం, కొకనాడ, విజగపటం. సముద్రపటాల మీద సంతపిల్లి దీపస్తంభం గుర్తు కూడా చూసుకోండి, కోనాడ వైపు. భీమిలికీ కళింగపట్నానికీ మధ్య దూరాలు కొలవడానికి అది బాగా పనికొస్తుంది.

జపాన్ వైపు రాతల్లో ఒక్కో డిస్ట్రాయర్‌కి విడిగా వెతికితే తక్కువ దొరుకుతుంది. యుద్ధ దినచర్య, పోరాట నివేదిక ఎక్కువగా స్క్వాడ్రన్ పేరున ఉంటాయి. 1942 ఏప్రిల్ నాటి అమగిరికి 3వ డిస్ట్రాయర్ స్క్వాడ్రన్ కింద, 20వ డివిజన్ కింద చూడాలి. అసగిరి, అమగిరి, యూగిరి మూడూ ఒకే డివిజన్, పేర్లూ ఒకేలా వినబడతాయి. ఒకదాని ఖాతా ఇంకోదానికి ఎక్కించడం చాలా మామూలు. మన తీరానికి సంబంధించి ఎక్కడైనా అమగిరి, ర్యూజొ పక్కపక్కన కనబడితే వెంటనే అనుమానించండి. ర్యూజొతో ఉన్నవి అసగిరి, యూగిరి.

గుద్దడం విషయానికొస్తే, ఓడ కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ కొహెయి హనామి తానే కావాలని తిప్పి గుద్దానని చెప్పాడు. అదే ఓడ మీద ఉన్న పై అధికారి, అమగిరి అప్పటికి మారిన 11వ డివిజన్ కమాండర్ కెప్టెన్ కత్సుమొరి యమషిరొ, తప్పుకోమన్నాననీ, గుద్దు అనుకోకుండా పడిందనీ చెప్పాడు. వంతెన మీద పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి మాట ఇది. నా మటుకు యమషిరొ మాటే ఎక్కువ నమ్మకం. పడవ అంత దగ్గరలో ఉంటే ఫిరంగి కిందకి వంగదు, అందుకే గుద్దారంటారు, వంగదన్నది నిజమే. కానీ పగిలిన పడవలో పెట్రోలు, టార్పెడోలు ఉంటాయి, 118 మీటర్ల డిస్ట్రాయర్ ముక్కుతో దాన్ని ఏరికోరి తాకడం తెలివైన పని కాదు. గోడపత్రికలో మాత్రం ఇద్దరి పేర్లూ పెట్టి రెండు మాటలూ రాయండి. ఇంకొకటి, హనామి ఈ ఓడకి వచ్చింది 1943లో. ఏప్రిల్ 1942 బొమ్మ కింద అతని పేరు వెయ్యకండి.

టెక్కలి_మోడల్స్:

కిట్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు గదా, నాను చెప్తాను.

ఫుబుకి కిట్‌నే అమగిరి అనకండి. ఆ తరగతిలో మొదటి పది ఒక రకం, తర్వాతి పది ఇంకో రకం. అమగిరి రెండో రకం. తేడాలు రెండు చోట్ల కొట్టొచ్చినట్టు కనబడతాయి. మొదటిది టరెట్లు. తొలి రకానికి ఎ టైపు, ఫిరంగి 40 డిగ్రీలు లేస్తుంది, రెండు గొట్టాలూ కలిసే లేస్తాయి. అమగిరికి బి టైపు, 75 డిగ్రీలు, దేనికది విడిగా. పెట్టె ఆకారమే వేరు, కాబట్టి గొట్టాలు మార్చితే సరిపోదు, టరెట్ మొత్తం మార్చాలి. 75 డిగ్రీలని చూసి విమానాలకి గొప్ప ఫిరంగి అనుకోవద్దు, గుండు నింపడానికి ప్రతిసారీ కిందకి దించాలి. రెండోది పొగగొట్టాల దగ్గర గాలి తీసుకునే మూతులు. తొలి రకానికి పెద్ద గొట్టాల్లా నిలబడి ఉంటాయి, అమగిరికి పొగగొట్టం మొదట్లో గిన్నెల్లా ఉంటాయి. అయనమి తరగతి అని రాసి ఉన్న కిట్ దొరికితే ఈ బాధ లేదు. అకత్సుకి కిట్ జోలికి పోకండి, దానికి మూడే బాయిలర్లు, ముందు పొగగొట్టం సన్నం.

పొడవు 1/700లో 169 మిల్లీమీటర్లు రావాలి. పెట్టె తెరవగానే ఓడ ఒంటి ముక్క కొలవండి.

ఏ నెల చేస్తున్నారో ముందే తేల్చుకోండి. ఏప్రిల్ 1942 అయితే మూడు టరెట్లూ ఉంచాలి, మూడు టార్పెడో గుత్తులూ ఉంచాలి, రాడార్ పెట్టకూడదు. కిట్లో అదనంగా ఇచ్చే 25 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక తుపాకుల్ని అంటించకండి, అవి తర్వాతవి. ఈ తరగతిలో చివరిదాకా మిగిలిన ఓడలకి వెనక జంటలో పై టరెట్ తీసేసి ఆ చోట చిన్న తుపాకులు నింపారు. 1944 బొమ్మ చూసి 1942 ఓడ చేస్తే అక్కడే దొరికిపోతారు. టార్పెడోలు విడిగా చూపిస్తే వాటిని ఆక్సిజన్ టార్పెడోలని రాయకండి, ఈ తరగతి మోసినవి గాలితో నడిచే 90 రకం.

రంగు కురె బూడిద, నిలువు ముఖాలన్నిటికీ. డెక్ మీద లినోలియం, ముదురు ఎర్రగోధుమ రంగు, దాని మీద అడ్డంగా ఇత్తడి పట్టీలు. పట్టీల్ని బ్రష్‌తో గియ్యకండి, వంకర పోతాయి. ముందు ఇత్తడి రంగు డెక్ అంతా వేసి ఆరనిచ్చి, సన్నగా కోసిన మాస్కింగ్ టేపు గీతలు అంటించి, పైన గోధుమ రంగు వేసి, పూర్తిగా ఆరకముందే టేపు లాగెయ్యండి. ఆరిపోయాక లాగితే అంచులు పొరలు పొరలుగా లేస్తాయి, ఉప్పుగాలి ఉన్న చోట మరీను. లినోలియం మొత్తం డెక్‌కి ఉండదు, టరెట్ల చుట్టూ, లంగరు గొలుసు దగ్గర ఉక్కు పలకే, అక్కడ బూడిద రంగు.

ఇజీనారం_నౌకాదళం:

టెక్కలి తమ్ముడు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పక్కన మికుమో మొగమో పెట్టే ఆలోచన ఉంటే అవి 200 మీటర్ల ఓడలు, 1/700లో 28 సెంటీమీటర్లు దాటతాయి. బల్ల కొలుచుకుని కిట్లు కొనండి.

గార_తీరం:

ఏప్రిల్ 1942 రూపమే చేస్తాం, ఒక్క ఓడే. పటంలో మూడు దళాలకి మూడు రంగులు, విశాఖ, కాకినాడల దగ్గర ర్యూజొ పేరు, 16 డిగ్రీల గీత మీద అమగిరి పేరు. సమయాలన్నీ మన సమయంలోకి మార్చి, పైన ఆ మాట రాస్తున్నాం. పటం గీశాక ఇక్కడే పెడతాను, అచ్చుకి ముందు ఒకసారి చూడండి.